ఇద్దరి పాస్‌పోర్టులూ నా దగ్గరే

మా ఇంట్లో ఒక రూలుండేది. ప్రయాణమంటే కాగితాలన్నీ ఒక్కరి దగ్గరే ఉండాలి. కాకినాడ నుంచి విజయవాడ వెళ్లినా సరే, నలుగురి టికెట్లూ నాన్న రెక్సిన్ సంచిలోనే. ఎవరి టికెట్ వాళ్లు పట్టుకుంటే నాలుగు చోట్ల పోతాయి, ఒకరే పట్టుకుంటే ఒక్కచోట వెతుక్కుంటే చాలు అనేవారు. కెనడా వచ్చాక ఆ పెత్తనం నా చేతికొచ్చింది. పదిమందిమి కలిసి నయాగరా వెళ్లినా, ఎవరికో డ్రైవింగ్ టెస్టుకి తోడెళ్లినా, అందరి కార్డులూ కాగితాలూ నా నీలం ప్లాస్టిక్ ఫోల్డర్లోకి చేరేవి. ఎవరూ ఇవ్వకపోయినా నేనే చెయ్యి చాపేదాన్ని. అలా చాపడం నాకు గొప్పగా ఉండేది. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

అవి వాటర్లూలో స్టూడెంట్లు కుప్పలుతెప్పలుగా దిగుతున్న రోజులు. ఏ బస్సెక్కినా వెనక సీట్లోంచి తెలుగు వినపడేది. ఒక బేస్‌మెంటులో మూడు గదులు, ఆరుగురం ఆడపిల్లలం, ఒకటే స్టవ్వు. నేను యూనివర్సిటీలో మాస్టర్స్ రెండో ఏడాదిలో ఉన్నాను. నాతో గది పంచుకున్న అమ్మాయిది అనంతపురం. కాలేజీలో చిన్నపిల్లల సంరక్షణ కోర్సు చదివేది. వయసులో నాకంటే మూడేళ్లు చిన్న. వచ్చిన రోజే సూట్‌కేసు మంచం కిందకి తోసి, "అక్కా, ఇక్కడ నీళ్లు యాడ తాగాల, కొళాయివేనా?" అని అడిగింది. ఆ తర్వాత ఫోన్ ప్లాన్ నుంచి మంచుబూట్ల దాకా అన్నీ నన్నే అడిగేది. నేను చెప్పింది చెప్పినట్టు చేసేది. నాక్కూడా తెలియదని చెప్పే అలవాటు లేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆమె సముద్రం చూడలేదు. ఇరవై మూడేళ్లొచ్చాయి, విమానమెక్కి భూగోళం అవతలికొచ్చింది, సముద్రాన్ని మాత్రం విమానం కిటికీలోంచి కూడా చూడలేదు, మధ్య సీటు. సముద్రం పక్కన పుట్టిన నాకు ఇది పెద్ద తమాషాగా ఉండేది. "మీ ఊళ్లో వర్షం పడితేనే పండగ కదే" అని ఏడిపించేదాన్ని. ఫిబ్రవరిలో రీడింగ్ వీక్ అనే వారం సెలవుల కోసం అందరూ ప్యాకేజీలు వెతుకుతుంటే, జమైకాకి మన పాస్‌పోర్టు ఉంటే చాలు, వీసా అక్కర్లేదని ఎవరో గ్రూపులో పెట్టారు. ఓచో రియోస్ అని ఒక బీచి ఊరు. హోటల్, తిండి, విమానం అన్నీ కలిపే. సోమవారం వెళ్లి శనివారం రావడం. ఆ తర్వాతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆమెకి ఒక డేకేర్‌లో ప్లేస్‌మెంట్, అంటే కోర్సులో భాగంగా చేసే శిక్షణ, మొదలు. అది ఏడు వారాలు. మొదటి వారం రాకపోతే సీటు ఇంకొకరికిస్తామని కాలేజీవాళ్లు కాగితం మీద రాసిచ్చారు. ఆ సీటు పోతే సెమిస్టర్ పోయినట్టే.

బుక్ చేసే ముందు ఆమె ఒక్కటే ప్రశ్న అడిగింది.

"అక్కా, నా స్టాంపింగ్ అక్టోబర్లోనే ఎక్స్‌పైర్ అయింది కదా. పర్వాలేదా?"

స్టాంపింగ్ అంటే పాస్‌పోర్టులో అతికించే వీసా. కెనడాలోకి అడుగుపెట్టడానికి అది కావాలి. లోపలికొచ్చాక ఉండి చదువుకోవడానికి స్టడీ పర్మిట్ అని వేరే కాగితం ఉంటుంది. కోర్సు మారినప్పుడు ఆమె స్టడీ పర్మిట్ పొడిగించుకుంది, స్టాంపింగ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాది మాత్రం ఇంకా ఏడాదిన్నర ఉంది.

"స్టడీ పర్మిట్ ఉంది కదే, చాలు" అన్నాను. "మన పై అంతస్తు అన్న స్టాంపింగ్ లేకుండానే న్యూజెర్సీలో వాళ్లక్క ఇంటికెళ్లి రాలేదా? నయాగరా వంతెన మీద నవ్వుతూ పంపించారంట."

ఆ అన్న వెళ్లొచ్చిన మాట నిజమే. అమెరికా వెళ్లొస్తే పంపిస్తారు, ఇంకెక్కడికెళ్లొచ్చినా పంపించరు అనే రెండో సగం నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. టొరంటో ఎయిర్‌పోర్టులో మా పాస్‌పోర్టులు చూసినాయన జమైకా నుంచి రిటర్న్ టికెట్ ఉందా అని మాత్రం అడిగి బోర్డింగ్ పాసులిచ్చేశాడు. "చూశావా" అన్నాను ఆమెతో. రెండు పాస్‌పోర్టులూ ఫోల్డర్లో పెట్టి జిప్పు లాగాను.

సోమవారం సాయంత్రం ఆమె సముద్రం చూసింది. అరవలేదు, ఫోటో తీయమనలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ల లోతు దాకా వెళ్లి, వంగి ఒక దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "నిజంగానే ఉప్పు" అంది నా వైపు తిరిగి, ఎవరో తనకి ఇన్నాళ్లూ అబద్ధం చెప్పలేదని రుజువైనట్టు. నాకు ముచ్చటేసింది. ఆ ఒక్క సాయంత్రమే నేనూ ఆ ఊరు చూశాను.

మంగళవారం పొద్దున టిఫిన్ల దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆమె అప్పుడే నీళ్లలోకి దిగింది. పక్క బల్ల దగ్గర ఒకావిడ కళ్లు మూసుకుని పళ్లెం ముందు ప్రార్థన చేసుకుంటున్నారు. పెదాల కదలికలో "ప్రభువా" అన్నది పట్టేసి నవ్వాను. ఆవిడా నవ్వారు. భీమవరం వైపు నుంచి కెనడాలో సర్రీ అనే ఊరికి వచ్చి ఇరవయ్యేళ్లయిందట. వృద్ధాశ్రమంలో నర్సు. పెళ్లై పాతికేళ్లయిందని ఇద్దరూ వచ్చారు.

"స్టూడెంట్సా అమ్మా? స్టాంపింగులు చూసుకునే వచ్చారు కదా?" అన్నారు మాటల మధ్య.

"స్టడీ పర్మిట్లు ఉన్నాయాంటీ."

"అది అమెరికా వెళ్లొస్తేనమ్మా. ఇటొస్తే సరిపోదు. మా చర్చిలో ఒకబ్బాయి ఇలాగే బార్బడోస్ వెళ్లి రెండు నెలలు ఉండిపోయాడు, విమానం ఎక్కనివ్వలేదు." కాఫీ కలుపుతూ నా ముఖం చూశారు. "మీకు ఉన్నాయి కదా?"

నిజం చెప్పాల్సిన నిమిషం అదే. నాకేదో తెలియలేదని ఒక ఆంటీ ముందు ఒప్పుకోవడం, అంతే, అంతకంటే ఏమీ లేదు.

"మా ఇద్దరివీ ఉన్నాయాంటీ" అన్నాను.

"మంచిదమ్మా. లేకపోతే ఇవాళే ఆన్‌లైన్‌లో అప్లై చేసేయమందామని. ఒక్కో రోజు ఆలస్యమైన కొద్దీ వెనక్కి పోద్ది." ఆవిడ ఇంకేమీ అడగలేదు.

గదికెళ్లి బాత్‌రూం తలుపేసుకుని ఫోన్లో ప్రభుత్వం వెబ్‌సైట్ తెరిచాను. ఆంటీ చెప్పిందే అక్షరాలా అక్కడుంది. మూడుసార్లు చదివాను. చన్నీళ్లతో ముఖం కడుక్కుని మళ్లీ చదివాను. నాకు భయం వేసింది. ఆమె కోసం అని రాయాలనుంది, కానీ మొదటి భయం నా కోసమే. ఏమంటుంది, ఇంట్లో మిగిలిన నలుగురికీ ఏం చెబుతుంది, నా మాటని ఇంకెవరు నమ్ముతారు, ఇవే నా తలలో తిరిగాయి. ఆమె ప్లేస్‌మెంట్ గుర్తుకొచ్చింది ఆ తర్వాతే.

బయటికొచ్చేసరికి ఆమె తడి జుట్టుతో తలుపు దగ్గర నిలబడి ఉంది. "అక్కా, జలపాతానికి పోయే వ్యాన్ వచ్చింది, బిరబిరా రా" అంది. వ్యాన్‌లో చెబుదాం అనుకున్నాను.

ఆ ఊళ్లో పేరున్న జలపాతం అది. మెట్లుమెట్లుగా ఉన్న బండల మీద నుంచి నీళ్లు సముద్రంలోకి దూకుతాయి, మనం కింద నుంచి పైకి ఆ నీళ్లలోనే ఎక్కాలి. గైడ్ ఇరవైమందిని వరసగా నిలబెట్టి ఒకరి చెయ్యి ఒకరి చేత పట్టించాడు. ఎవరూ వదలకూడదు, ఒకరు వదిలితే వెనక వాళ్లందరూ పడతారన్నాడు. నా కుడి చేతిలో ఎవరో లావుపాటి పెద్దాయన చెయ్యి, ఎడమ చేతిలో ఆమెది. నీళ్లు మోకాళ్లని కొడుతుంటే బండ కోసం కాళ్లతో తడుముకుంటూ ఎక్కుతున్నాం. "అక్కా, యాడ కాలు పెట్టాలో చెప్పు" అని వెనక నుంచి ఆమె. "అక్కడ, నల్లరాయి మీద" అని నేను. నేను పెట్టమన్న చోటల్లా ఆమె చూడకుండానే కాలు పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ముఖం మీద ఎలాగూ నీళ్లే కాబట్టి ఎవరికీ తెలియలేదు.

పైకెక్కాక చెప్పలేదు. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. అన్నం తిన్నాక ఆమె చెల్లెలికి వీడియో కాల్ చేసి సముద్రం చూపిస్తోంది. "మా అక్క తీసకచ్చింది" అని ఫోన్ నా వైపు తిప్పింది. తెర మీద అనంతపురంలో ఒక అమ్మాయి నాకు నమస్తే పెట్టింది. నేనూ పెట్టాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. ఇంట్లో ఎవరి రహస్యమైనా నా దాకా వస్తే సాయంత్రానికి వీధిలో ఉండేది. అలాంటి దాన్ని ఈ ఒక్క మాటని నాలుగు రోజులు మింగాను. మింగడానికి కారణాలు కూడా తయారుచేసుకున్నాను. ఇప్పుడు అప్లై చేసినా శనివారానికి వీసా రాదు కదా, చెప్పి ఏం లాభం, పాపం జీవితంలో మొదటిసారి సముద్రం చూస్తోంది, ఈ నాలుగు రోజులైనా చూడనీ. ఈ కారణం నాకు బాగా నచ్చింది. దయలాగా కనపడేది. కానీ ఎవరైనా "వీసా" అంటే చాలు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఫోల్డర్ మీద చెయ్యి వేసుకునేదాన్ని.

బుధవారం పొద్దున ఒక ఉపాయం తట్టింది. ఆమెకి చెప్పకుండానే నేనే ఆన్‌లైన్‌లో ఆమె వీసాకి అప్లై చేసేస్తే? ఏదో ఒక రోజు, అంతా సర్దుకున్నాక, నవ్వుతూ చెప్పొచ్చు. అప్లికేషన్ తెరిచాను. పాస్‌పోర్టు నంబర్ నా దగ్గరే ఉంది, స్టడీ పర్మిట్ నా దగ్గరే ఉంది. ఫోటో కావాలి, తెల్ల గోడ ముందు, నవ్వకుండా.

"ఇక్కడ నిలబడవే, ఒక ఫోటో తీస్తాను" అన్నాను హోటల్ వరండాలో.

ఆమె జుట్టు సర్దుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వింది.

"నవ్వకు. సూటిగా చూడు. చెవులు కనపడాలి."

"సముద్రం అటుంటే గోడ దగ్గర ఏమిటికక్కా? ఆధార్ కార్డు ఫోటోనా ఇది?"

"లైటు బాగుంది, మాట్లాడకు."

ఆమె నవ్వాపుకుని నిలబడింది. ఆ ఫోటో సరిగ్గా వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఫెర్న్ గల్లీ చూడ్డానికి బయల్దేరాం. కొండల మధ్య మూడు మైళ్ల మెలికల రోడ్డు, రెండు పక్కలా ఆకులు పైన కలిసిపోయి పగలే చీకటిగా ఉంటుంది. డ్రైవర్ మెల్లగా నడుపుతూ ఈ ఫెర్న్ మొక్కల్లోనే వందల రకాలున్నాయని చెబుతున్నాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆకుల్ని తాకడానికి చూస్తోంది. నేను అప్లికేషన్లో ఖాళీగా ఉన్న గడుల గురించి ఆలోచిస్తున్నాను. అమ్మానాన్నల వివరాలు అడిగారు.

"మీ నాన్న పుట్టినరోజు ఎప్పుడే?" అన్నాను, ఊరికే అడిగినట్టు.

"మా నాయనదా? పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటుండాది, అసలుది ఒకటుండాది. ఏది కావాల?"

"సర్టిఫికెట్‌ది."

ఆమె చెయ్యి లోపలికి తీసుకుంది. "ఏమిటికక్కా?"

"మా నాన్నదీ జూన్ ఒకటే, చాలామందివి అదే తేదీ కదా, అందుకని."

"మా నాయనదీ జూన్ ఒకటే" అని గలగలా నవ్వి ఏడాది కూడా చెప్పింది. డ్రైవర్ కూడా ఎందుకో నవ్వాడు. వాళ్లమ్మ పుట్టిన ఊరు అడగడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు. అడిగినా, చివర్లో ఆమె సంతకం కావాలి, కాలేజీ అకౌంట్ పాస్‌వర్డ్‌తో తీయాల్సిన ఉత్తరం కావాలి. ఆమెకి తెలియకుండా ఆ అప్లికేషన్ ముందుకి కదలదు. ఆ ముక్క పొద్దున్నే తెలిసినా సాయంత్రం దాకా ఒప్పుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు చెక్కబొమ్మలు అమ్మే సంత దగ్గర ఆపారు. అక్కడ ఆమె ఒక్కసారిగా, "అక్కా, నా పాస్‌పోర్టు ఇయ్యవా, జమైకా ముద్ర ఫోటో తీసి చెల్లికి పంపిస్తా" అంది.

"గదిలో ఇస్తాలే. ఇక్కడ తీస్తే ఎవరైనా లాక్కుపోతారు."

"నీ చేతిలోనే ఉండాది కదా, ఒక్క నిమిషం."

"చెప్తే వినవేంటే?" అన్నాను. నా గొంతు నాకే మోటుగా వినపడింది. ఆమె మళ్లీ అడగలేదు. గదికెళ్లాక కూడా అడగలేదు. నేనూ ఇవ్వలేదు. ఆ పేజీ పక్కనే గడువు తీరిన వీసా ఉంది.

గురువారం పొద్దున సర్రీ ఆంటీ వాళ్లు వెళ్లిపోతూ మా బల్ల దగ్గర ఆగారు. ఆవిడ ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేస్తానన్నారు. మేం క్రైస్తవులం కాకపోయినా తలవంచాం. "ఈ బిడ్డల ప్రయాణాలను కాపాడు తండ్రీ, క్షేమంగా గమ్యం చేర్చు" అన్నారు. ఆమె భక్తిగా ఆమెన్ అంది. నేను మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. ఆవిడ కళ్లు తెరిచి నన్ను ఇంకో క్షణం చూశారు. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో అని చాలా ఏళ్లు అనుకున్నాను. ఆవిడ ఎందుకడగాలి? చెప్పాల్సింది నేను.

ఆ రోజు వెదురు తెప్ప మీద నదిలో తీసుకెళ్లారు. తెప్ప నడిపే ముసలాయన గెడ వేస్తూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నీళ్లు పచ్చగా, అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. ఇక ఇక్కడ తప్పించుకోవడానికి చోటు లేదు, చెప్పేయాలి అనుకుని, "ఏమే, ఒక మాట" అన్నాను.

"నాకూ ఒక మాట ఉండాది, ముందు నేను చెప్తా" అంది ఆమె. సోమవారం డేకేర్‌లో తనకి రెండేళ్ల పిల్లల గది ఇచ్చారట. పన్నెండుమంది. వాళ్ల పేర్ల లిస్టు మెయిల్లో పంపారట. తను అప్పుడే బట్టీ పట్టేసింది. వేళ్లు మడుస్తూ పన్నెండు పేర్లూ నాకు అప్పజెప్పింది. చైనా పేర్లు, పంజాబీ పేర్లు, నోరు తిరగనివి రెండు. "మొదటి రోజే పేర్లతో పిలిస్తే పిల్లోళ్లు ఏడవరంట" అంది. "నువ్వేం చెప్పాలనుకున్నావు?"

"ఎండ ఎక్కువగా ఉంది, టోపీ పెట్టుకో" అన్నాను.

శుక్రవారం ఆన్‌లైన్‌లో చెకిన్ చేస్తే నాకు బోర్డింగ్ పాస్ వచ్చింది. ఆమె పేరు దగ్గర కాగితాలు కౌంటర్లో చూపించాలి అని వచ్చింది. "ఎప్పుడూ ఎవరో ఒకరికి ఇలాగే వస్తుంది" అన్నాను. ఆ రోజంతా ఆమె నీళ్లలోనే ఉంది. నేను ఒడ్డున కూర్చుని పీడకల కంటున్నట్టు ఆమెనే చూశాను. అప్పటికి నాలో ఒక దిక్కుమాలిన ఆశ కూడా మొలిచింది. టొరంటోలో అడగలేదు కదా, రేపు కూడా అడగరేమో. మంచివాళ్లు ఎదురైతే వదిలేస్తారేమో.

శనివారం మాంటెగో బే ఎయిర్‌పోర్టుకి రెండు గంటల దారి. కౌంటర్లో ఉన్నావిడ మా అమ్మ వయసావిడ, నెమ్మదస్తురాలు. నా పాస్‌పోర్టు ఒకసారి తిప్పి పక్కన పెట్టింది. ఆమెది మొదటి పేజీ నుంచి చివరి దాకా తిప్పి, చివరి నుంచి మొదటికి తిప్పింది.

"కెనడా వీసా ఎక్కడుందమ్మా?" అంది ఇంగ్లీషులో.

ఆమె కంగారేమీ లేకుండా నా వైపు చూసింది. "మా అక్క చెప్తుంది" అని ఇంగ్లీషులో అంది.

నేను స్టడీ పర్మిట్ తీశాను. చెల్లుతుందన్నాను. న్యూజెర్సీ సంగతి చెప్పాను. గొంతు పెంచాను, మేనేజర్ని పిలవమన్నాను, వచ్చినాయనతోనూ వాదించాను. చెల్లదని నాకు మంగళవారం నుంచీ తెలుసు, అయినా వాదించాను. ఆమె పక్కనుండి చూస్తోంది కాబట్టి వాదించాను. ఆయన ఓపిగ్గా విని, కెనడా ఇమిగ్రేషన్ వాళ్లకి ఫోన్ చేసి, పది నిమిషాలు మాట్లాడి వచ్చి, ఆమెని ఎక్కించలేమని చెప్పాడు. వీసా తెచ్చుకోవాలి, ఇక్కడి నుంచే అప్లై చేయాలి, వారాలు పడుతుంది.

ఆమె ముఖంలో ఏదీ మారడానికి కొంచెం సేపు పట్టింది.

"సోమవారం?" అంది.

నేను పాస్‌పోర్టులు రెండూ తీసుకుని ఫోల్డర్లో పెట్టి జిప్పు లాగాను.

"నీకి తెల్సా అక్కా, ఇట్లయితుందని?"

"తెలీదే" అన్నాను. "ఒట్టు, నాకు తెలీదు."

ఆమె నమ్మింది. నేను ఏడుస్తుంటే, నన్నే భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. "నువ్వు కావాలని చేసినావా ఏంది, ఊరుకో" అంది. నాకు సోమవారం మిడ్‌టర్మ్ పరీక్ష ఉందని ఆమే గుర్తుచేసింది. ఇద్దరం ఉండిపోతే ఇద్దరి చదువులూ పోతాయి, నువ్వు పో అంది. నేను ఉంటానన్నాను. గట్టిగా అనలేదు. కౌంటర్లో ఉన్న పెద్దావిడ తనకి తెలిసిన ఒక గెస్ట్‌హౌస్ ఉందనీ, నడిపేది తన చర్చి స్నేహితురాలనీ చెప్పి, ఫోన్ చేసి గది ఏర్పాటు చేసింది. నేను ఫోల్డర్ జిప్పు తీసి ఆమె పాస్‌పోర్టు ఆమెకిచ్చాను. ఆరు రోజుల తర్వాత అది ఆమె చేతిలోకి వెళ్లింది.

సెక్యూరిటీ దాటి గేటు దగ్గర కూర్చున్నాను. ఇంకా ముప్పావుగంట ఉంది. ఫోన్లో సగం నింపిన అప్లికేషన్ ఉంది. తెల్ల గోడ ముందు నవ్వకుండా నిలబడ్డ ఫోటో, వాళ్ల నాన్న పుట్టిన తేదీ, స్టడీ పర్మిట్ స్కాన్, అన్నీ ఉన్నాయి. అవి పంపితే ఆమె ఈ సాయంత్రమే మిగతాది నింపి పెట్టేయొచ్చు. పంపకపోతే ఆ ఊళ్లో ఫోటో తీసేవాడిని వెతుక్కుంటూ, ఫారాలు మొదటి నుంచి నింపుకుంటూ రెండు మూడు రోజులు పోగొట్టుకుంటుంది. కానీ పంపితే ఆ ఫోటో ఎప్పుడు తీశానో, ఆ తేదీ ఎప్పుడడిగానో ఆమెకి అర్థమైపోతుంది. గంట క్రితమే ఒట్టు పెట్టాను.

మొదటి పిలుపు అయిపోయింది. రెండోది అయిపోయింది. లైన్లో ముగ్గురే మిగిలాక అన్నీ కలిపి వాట్సాప్‌లో పంపాను. కింద ఏదో రాయాలని మొదలుపెట్టి చెరిపేశాను. ఫోన్ ఆపేసి ఎక్కాను. నాలుగు గంటలు పక్క సీటు ఖాళీగా ఉంది. అది ఆమెది.

టొరంటోలో ఫోన్ తెరిస్తే నీలం టిక్కులు పడి ఉన్నాయి. కింద ఒకే మాట. "అందినాయి."

డేకేర్‌కి నేనే ఫోన్ చేసి ఆమె రాలేదనీ, రావడానికి వారాలు పడుతుందనీ చెప్పాను. బుధవారానికి ఆ సీటు వేరే అమ్మాయికిచ్చారు. సెమిస్టర్ పోయింది, మళ్లీ సెప్టెంబరే అన్నారు. స్టడీ పర్మిట్ మళ్లీ పొడిగించుకోవాలి. రోజూ మెసేజ్ పెట్టేదాన్ని. ఆమె అప్లికేషన్‌కి సంబంధించినవాటికి మాత్రం జవాబిచ్చేది. "కింగ్‌స్టన్‌లో వీసా ఆఫీసుకి పాస్‌పోర్టు పంపినా." "ఇంకా రాలేదు." నేను నాలుగుసార్లు పెద్ద ఉత్తరాల్లాంటి క్షమాపణలు రాశాను. నీ సంతోషం చెడగొట్టలేక చెప్పలేదని కూడా రాశాను. దానికి మాత్రం వెంటనే జవాబొచ్చింది: "నా పాస్‌పోర్టు నాకి ఇచ్చింటే, చెడగొట్టుకోవాలో లేదో నేను చూసుకుందును." ఇంట్లో మిగిలిన నలుగురికీ ఆమె ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ వాళ్లకి అది ఎయిర్‌లైన్ చేసిన అన్యాయమే.

ఏడు వారాల తర్వాత వీసా వచ్చింది. ఏ విమానమో ఆమె చెప్పలేదు, నేనే గ్రూపులో ఎవరినో అడిగి తెలుసుకుని ఎయిర్‌పోర్టుకెళ్లాను. నల్లబడింది, చిక్కింది, నడకలో తొందర లేదు. ఎవరో పక్కనున్న పెద్దామెకి ట్రాలీ తీసిచ్చి, ఇటు వచ్చి నన్ను చూసింది. పారిపోలేదు, కోప్పడలేదు. నేను బ్యాగు అందుకోబోతే వద్దని తల ఊపింది. పాస్‌పోర్టు మెడలో వేసుకున్న చిన్న సంచిలో ఉంది. గెస్ట్‌హౌస్ పక్కన చిన్నపిల్లల బడి ఉంటే రోజూ వెళ్లేదాన్ననీ, పిల్లలు బాగున్నారనీ, అడిగినవాటికి అడిగినంతే చెప్పింది. మేం బస్సు కోసం బయట నిలబడ్డాం. నేను సెప్టెంబరు గురించి, కొత్త ప్లేస్‌మెంట్ గురించి, ఎవరిని కలిస్తే పని అవుతుందో గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాను.

అప్పుడు వెనక నుంచి ఎవరో నా పేరు పెట్టి పిలిచారు. ఆ పేరుతో వాటర్లూలో నన్ను ప్రొఫెసర్లు పిలుస్తారు, బ్యాంకువాళ్లు పిలుస్తారు. ఎవరా అని అటూ ఇటూ చూశాను. అక్కడ మేమిద్దరమే ఉన్నాం.

"అవన్నీ నేను కనుక్కుంటా" అంది ఆమె. "బస్సు వచ్చింది, ఎక్కు."